పోల్చి చూసిన ఊరు

ఎల్లమ్మ సంచి తెచ్చి గడప అవతల పెట్టింది. అది చాలదన్నట్టు చేత్తో ఇంకొంచెం ముందుకు నెట్టింది.

పసిపిల్లల్ని తూచే ఉయ్యాల తూకం, పాలు పట్టే తీరు చూపించే గుడ్డ బొమ్మ, బొమ్మల పుస్తకం, సంస్థవాళ్లు ఇచ్చిన ఆకుపచ్చ కోటు. మోతె దగ్గరి ఈ ఊళ్లో గర్భిణులు, బాలింతలు ఉన్న ప్రతి ఇంటికీ ఆమె భుజాన మోసుకు తిరిగిన సంచి అది.

“మేడం గారూ,” అంది కోడలితో. “మీరు సూర్యాపేట ఆఫీసుకు పోయేటప్పుడు గా సంచి గూడ పట్కపోండ్రి. ఇగ నాకు దానితోని పని లేదు.”

జడ వేసుకుంటున్న ప్రత్యూష చేతులు ఆగిపోయాయి. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ నోట ‘బిడ్డా’ అన్న పిలుపే విన్నది. మొన్నటి నుంచి ‘మేడం గారూ’ వింటోంది.

“అత్తమ్మా, నన్ను గట్ల పిలవకుండ్రి.”

“మరెట్ల పిలవాలె? నా పని ఉత్తదని రాసిన ఆఫీసుల కొలువు చేస్తున్నవ్. పెద్దదానివే గదా.”

“నేను రాయలే.”

“నువ్వు రాయలే. మీ ఆఫీసు రాసింది. నువ్వు గా ఆఫీసు జీతం తింటలేవా?”

వాకిట్లో చెప్పు తెగితే కుట్టుకుంటున్న వెంకటయ్య తలెత్తాడు. భార్య ముఖం చూశాడు, కోడలి ముఖం చూశాడు. మళ్లీ చెప్పు మీదికే వంగాడు.

మొన్న కార్యకర్తల మీటింగులో సురేందర్ నిలబడి చెప్పిన మాట ఈ ఇంటిని రెండు ముక్కలు చేసింది. సురేందర్ సంస్థ తరఫున ఈ ఊళ్ల మీద అజమాయిషీ చేసేవాడు. తల్లీబిడ్డల కార్యక్రమం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదని రిపోర్టు వస్తోందని, అది ఖాయమైతే అన్ని ఊళ్లలోనూ పని ఆపేస్తారని అన్నాడు. అని ఊరుకోలేదు. “ఎల్లమ్మా, మీ కోడలు ఆఫీసు నుంచే వస్తున్నది ఆ రిపోర్టు,” అని అందరి ముందూ నవ్వాడు.

కార్యక్రమం ఫలించిందో లేదో తేల్చమని సంస్థ బయటి ఆఫీసుకు అప్పజెప్పింది. ఆ ఆఫీసులో ప్రత్యూష సర్వే పని చూసే సూపర్‌వైజరు. చేరిన రోజే, మా అత్తమ్మ ఆ కార్యక్రమంలోనే పని చేస్తుందని చెప్పేసింది. అందుకే ఆమెను మోతె వైపు పంపకుండా కోదాడ వైపు ఊళ్లు చూడమన్నారు. ఇంట్లోవాళ్లకు ఇవన్నీ పట్టవు.

“ఊర్లకు పోయి అడుగు,” అంది ఎల్లమ్మ. కంఠం పెరిగింది. “ముర్రుపాలు పిండి పారవోసిన ఊరు ఇది. ఇయ్యాల ఎవరన్న పారవోస్తున్నరా? బాలింతకు నీళ్లియ్యకుండ నోరెండగొట్టిన ఊరు. ఇయ్యాల మంచం పక్కన చెంబు పెడ్తున్నరు. మారలేదా?”

“మారింది అత్తమ్మా. గా సంగతి రిపోర్టులనే ఉన్నది.”

“మరి?”

“మారిందా అన్నదొక్కటే సూడరు. మీరు పోకున్నా మారేదా అని గూడ సూస్తరు. గందుకే కార్యక్రమం లేని ఊర్లు కొన్ని ఎంచుకొని గాడ గూడ అవే ప్రశ్నలు అడుగుతరు. రెండు దిక్కులా పోల్చి సూస్తరు.”

“గాడేమైంది?”

“గాడ గూడ మారింది.”

“ఎవ్వరు పోకుండనేనా?”

“ఎవ్వరు పోకుండనే. టీవీల సూసిండ్రో, దవాఖానల నర్సమ్మలు చెప్పిండ్రో. ఈడెంత మారిందో గాడ గూడ దగ్గరదగ్గర గంతే మారింది. గట్లయితే ఈ కార్యక్రమంతోని వచ్చిన తేడా ఏందని అడుగుతరు గదా.”

“బాగున్నది,” అన్నాడు వెంకటయ్య సూది దింపుతూ. “నా మడి పండిందా అని అడిగితే పక్కోని మడి సూసి చెప్తరన్నట్టు.”

“మందు కొట్టిన మడి, కొట్టని మడి పోల్చినట్టు మామయ్యా.”

“గట్లయితే కొట్టని మడి ఆసామి నవ్వుకుంటుండొచ్చు. మందు పైసలు మిగిలినయని.”

ఎవరూ నవ్వలేదు. వెంకటయ్య దారం కొరికి ఊరుకున్నాడు.

“ఎటు దిక్కు ఊర్లవి?” అని అడిగింది ఎల్లమ్మ. కంఠం తగ్గింది.

“పేర్లు మాకు చెప్పరు. నంబర్లే ఉంటయి. మిర్యాలగూడ దిక్కని విన్న.”

ఎల్లమ్మ చేట దగ్గరికి లాక్కుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి ప్రత్యూష గమనించింది, ఆమె చేయి చేటలో ఉంది గాని కదలడం లేదు.

అప్పుడే ఫోన్ మోగింది. జ్యోత్స్న. సర్వే మొత్తానికి పెద్ద. కోదాడ మనిషి.

“ప్రత్యూషా, క్రాంతికి జ్వరమమ్మా. లేవలేకపోతున్నాడు. నేరేడుచర్ల వైపు ఒక ఊళ్లో మళ్లీ చూసి రావడం మిగిలిపోయింది. కొన్ని ఇళ్లకు వెళ్లి, మొదట చెప్పిన జవాబులే చెబుతున్నారో లేదో అడిగిరా. సాయంత్రంలోగా నాకు చెప్పావంటే రేపు సూర్యాపేట మీటింగులో రిపోర్టు పెట్టేస్తాం.”

ఊరి పేరు చెప్పింది. ప్రత్యూష ఫోన్ పట్టుకుని వాకిలి దాటి, ఇంటి వెనక్కి నడిచింది.

“మేడం, అది మా అత్తమ్మ తల్లిగారి ఊరు.”



“ఆవిడ పని చేసేది మోతె వైపు కదా?”

“అవును మేడం.”

“మరి నీకేంటి ఇబ్బంది? అక్కడ కార్యక్రమమే లేదు. అది పోల్చి చూసే ఊరు. అంత దూరం వెళ్లి ఎందుకు ఎంచుకున్నాం? ఇక్కడి మాట అక్కడికి చేరకూడదనే. వెళ్లిరా తల్లీ, వేరే మనిషి లేరు.”

లోపలికి వచ్చి బ్యాగు తగిలించుకుంది. ఎల్లమ్మ తలెత్తకుండానే అడిగింది.

“కోదాడకేనా?”

“కాదు. నేరేడుచర్ల.”

చేట కింద పెట్టి ఎల్లమ్మ లేచింది. దర్వాజ పట్టుకుని నిలబడింది. ఏదో అడగబోయి ఆగింది. రోజూ బండెక్కేటప్పుడు ‘జర పైలం’ అనే మనిషి ఆ మాట కూడా అనలేదు.

గడప అవతల సంచి దాటుకుని ప్రత్యూష బయటికి వచ్చింది.

*

నేరేడుచర్లలో బస్సు దిగి షేర్ ఆటో ఎక్కింది. కాలువ వెంబడే దారి. మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల లారీ ముందుంది, ఆటోవాడు దాని వెనకే పొట్టు తింటూ నడిపాడు.

మొదటి ఇల్లు, రెండో ఇల్లు, మూడో ఇల్లు. జవాబులు క్రాంతి తెచ్చినవాటితో సరిపోతున్నాయి. క్రాంతి చెట్టు కింద కూర్చుని నింపుకున్న సర్వే కాదు. ఇల్లిల్లూ తిరిగాడు. ఆ సంగతి తేలినందుకు సంతోషించాలి. కానీ సరిపోయిన ప్రతి జవాబూ అత్తమ్మ సంచిని ఇంకొంచెం అవతలికి నెడుతున్నట్టు ఉంది.

నాలుగో ఇల్లు గ్రేస్‌ది. కొత్తగా సున్నం వేసిన గోడ, తలుపు మీద నీలం రంగు సిలువ. చేతిలో నెలల బిడ్డ. పక్కింటి లక్ష్మి అనే పెద్దామె అరుగు మీద కూర్చుని ఉల్లిగడ్డ పొట్టు తీస్తోంది.

“సంస్థ కార్యకర్త ఎవరన్న మీ ఇంటికి వచ్చిండ్రా, కాన్పు గురించి చెప్పెటందుకు?” ప్రత్యూష చదివింది.

“లేదక్కా. ఎవ్వలు రాలే.”

“బిడ్డకు మొదట ఏం పట్టిండ్రు?”

“ముర్రుపాలే.”

“చక్కెర నీళ్లు?”

“అయ్యో, గవి పట్టొద్దు గదా.”

అదే జవాబు. ప్రత్యూష ఫోన్‌లో నొక్కి, లేవబోయింది. బిడ్డ ఏడుపు అందుకుంది. గ్రేస్ గోడకు ఆనుకుని కూర్చుని బిడ్డను తిప్పి పట్టుకుంది. పొట్టకు పొట్ట ఆనించింది. తల వంచకుండా బిడ్డనే పైకి తెచ్చుకుంది. గడ్డం ఆనిందో లేదో వేలితో చూసుకుంది.

ప్రత్యూష లేవడం మానేసింది. ఆ వేలితో చూసుకోవడం ఆమెకు తెలుసు. ఇంట్లో అత్తమ్మ బొమ్మను పట్టుకుని అలాగే చూపిస్తుంది. సంస్థ పుస్తకంలో ఆ వేలు లేదు. అది ఎల్లమ్మ సొంతంగా కలుపుకున్నది.

“గిట్ల పట్టుకోమని ఎవరు చెప్పిండ్రు?”

అది ప్రశ్నల్లో లేని ప్రశ్న.

“మా ఎల్లమ్మత్త.”

“ఇప్పుడే గదా, ఎవ్వరు రాలేదన్నవ్?”

గ్రేస్ వింతగా చూసింది. “సంస్థోళ్లు ఎవ్వలు రాలే అక్కా. ఎల్లమ్మత్త వచ్చుడేంది? ఆమె ఈ ఊరి ఆడబిడ్డ. వాళ్లన్న ఇల్లు గదే, మూల మీద.”

“ఆమె సంచి పట్టుకొని వచ్చిందా?”

“సంచెందుకు? చుట్టపు తీరుగ వచ్చింది. వాళ్లన్న బిడ్డ నీలా కాన్పుకొచ్చింది గదా తల్లిగారింటికి. గప్పుడొచ్చి కొన్నొద్దులున్నది. నాకు గప్పుడు ఏడో నెల. గీ గల్లిల కడుపుతోనున్నోళ్లను, బాలింతలను అందరిని కూసవెట్టి చెప్పింది. అటెనక ఎవలకు నొప్పులొచ్చినా ఫోన్ చేసుడే, ఆమె వచ్చుడే.”

అరుగు మీది లక్ష్మి అప్పటిదాకా ప్రత్యూషనే చూస్తోంది. ఉల్లిగడ్డ పక్కన పెట్టి లేచింది.

“ఏమ్మా, నువ్వు మా ఎల్లక్క కోడలువు కాదె? లగ్గంల సూసిన. చెంపకు పుట్టుమచ్చ ఉన్నదని గప్పుడే అనుకున్న.”

ప్రత్యూష ఫోన్ బ్యాగులో పెట్టేసింది.

“చెప్పవేందే పిల్లా! గ్రేసూ, చాయ్ పెట్టు. మన ఎల్లక్క కోడలే. గీ ప్రశ్నలన్ని ఏంది మరి, మీ అత్తనడిగితె చెప్పకపోవునా? ఆమెకు తెల్వంది ఏమున్నదని!”

సర్వేకు వచ్చిన మనిషి అక్కడే, ఆ వాకిట్లోనే ఇంటి కోడలైపోయింది. ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు. మా కోడలికి చెప్పింది, మా బిడ్డకు చెప్పింది అని తలా ఒకటి అన్నారు. లక్ష్మి లోపలికి పోయి ఒక గుడ్డ బొమ్మ తెచ్చింది. దూది ఒక పక్క బయటికి వచ్చింది.

“గీడికొచ్చినంక తనే కుట్టింది. చెయ్యి దగ్గర పిగిలింది. మీ అత్తకిచ్చి కుట్టి పంపమను. గీ గల్లిల ఇంకో ఇద్దరున్నరు నెలలు నిండుతున్నోళ్లు.”

నీలం గళ్ల చొక్కా గుడ్డ. భర్త వేణు ఇల్లంతా వెతికితే, కోడలే ఎక్కడో పారేసిందని వెంకటయ్య కూడా అన్న చొక్కా.

*

నేరేడుచర్ల ఆటోల అడ్డా దగ్గర నిలబడి భర్తకు ఫోన్ చేసింది. వేణు మిర్యాలగూడ రైస్ మిల్లులో మిషన్ ఆపరేటరు. మిల్లు మోత మాటల్ని మింగేస్తుంటే బయటికి వచ్చాడు.

“నీ నీలం చొక్కా దొరికింది.”

“ఏడ?”

“మీ అమ్మమ్మ ఊర్ల. బొమ్మ అయింది.”

నవ్వాడు. ఆమె మిగతాది చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది.

“ఎవరికన్న చెప్పినవా?”

“నీకే.”

“గయితే చెప్పకు.”

“చెప్పకుంటే రేపు రిపోర్టు పోతది. తేడా లేదని రాస్తరు. అన్ని ఊర్లల పని బంద్ అయితది. అత్తమ్మది గూడ.”

“చెప్తే? ఊరు దాటి పోవద్దని కార్యకర్తలందరితోని సంతకం పెట్టించుకున్నరు గదా. పోయిన వారం కార్యకర్త మంజులను తీసేసింది గందుకే. తనిఖీకి పోతే ఊర్ల లేదని. అమ్మను గూడ గట్లనే తీసేస్తరు. పని బంద్ అయితే అందరితోని పోతది, పరువన్న మిగుల్తది.”

“పని మంచిదైతే దాన్ని దండగ అని రాయనిస్తమా?”

“నువ్వు చెప్తే నమ్ముతరా? అత్తను కాపాడుకునేటందుకు కోడలు కథ అల్లిందంటరు. నీ కొలువు గూడ పాయె. నీ మాటకు ఇంటి మనిషివన్న మచ్చ ఉన్నది, తెలుస్తున్నదా?”

తెలుస్తున్నది.  ఇది నిజం. ఆ నిజాన్ని చెప్పడానికి తాను తప్ప ఇంకెవరైనా పనికొచ్చేవారు.

“ప్రత్యూషా? ఉన్నవా?”

“ఆటో వచ్చింది,” అని పెట్టేసింది. ఆటో రాలేదు.

కోదాడలో ప్రశ్నలు సరిచూసిన రోజు గుర్తొచ్చింది. లాడ్జి హాల్లో కూర్చుని ప్రతి ప్రశ్నా చదివి, అర్థమవుతోందా లేదా అని వాదించుకున్నారు. బాలింతను ఏ ఊరి లెక్కలో వేయాలి అంటే అత్తగారి ఊరి లెక్కలో అనుకున్నారు. ఆధార్ ఉన్నది అక్కడే కదా అన్నారు. ఏడో నెలలో పిల్ల తల్లిగారింటికి పోతుందని, బిడ్డకు ఐదో నెల వచ్చేదాకా రాదని ఆ హాల్లో తెలియనివాళ్లు లేరు. పెళ్లయిన ఆడవాళ్లే ఎక్కువమంది. తాను కూడా అక్కడే కూర్చుని ఉంది. ఆ పిల్ల వెంట కార్యకర్త మాట కూడా ఊరు దాటుతుందని ఎవరికీ తట్టలేదు.

మోతె నుంచి నేరేడుచర్ల దూరమే. కానీ ఆ దూరంలో పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉంది.

*

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. సంచి గడప అవతలే ఉంది. వెంకటయ్య ఎండ తగలకుండా దాని మీద గోనె కప్పాడు.

ప్రత్యూష బ్యాగులోంచి బొమ్మ తీసి ఎల్లమ్మ ముందు పెట్టింది.

“లక్ష్మమ్మ ఇచ్చింది. చెయ్యి పిగిలిందంట. కుట్టి పంపమన్నది.”

ఎల్లమ్మ బొమ్మను చూసింది. దర్వాజ పైన గుచ్చిన సూది తీసి, దారం ఎక్కించి, దూదిని లోపలికి కుక్కి కుట్టడం మొదలుపెట్టింది.

“గది వేణు చొక్కా కాదె?” అన్నాడు వెంకటయ్య.

“వాని చొక్కానే. కాలర్ చినిగింది.”

“చినిగిందని నాతోని చెప్పకపోతివి. కోడలి మీద పడ్డం.”

ఎల్లమ్మ కుట్టు ఆపలేదు. ప్రత్యూష ఆమె ఎదురుగా కింద కూర్చుంది.

“అత్తమ్మా, ఊరు దాటి పోవద్దని మీకు చెప్పిండ్రు గదా?”

“చెప్పిండ్రు.”

“ఎందుకని చెప్పిండ్రో చెప్పిండ్రా?”

“నీ ఊరి పని నువ్వు చేసుకో, సామాను బయటికి కొంచవోకు అన్నరు. సామాను నేను కొంచవోలే. గందుకే కొత్త బొమ్మ కుట్టిన.” తలెత్తింది. “ఇంకేం చెప్పలే.”

“మీరు పోయిన ఊరే పోల్చి సూసే ఊరు. కార్యక్రమం లేదని రాసుకున్న ఊరు. మీరు చెప్పినయే గాడ మారినయి. ఈడా మీరే, గాడా మీరే. తేడా ఎట్ల వస్తది?”

సూది ఆగింది.

 వెంకటయ్య గోడకు ఆనుకుని నోరు తెరిచి చూస్తున్నాడు.

“అంటే,” అంది ఎల్లమ్మ నెమ్మదిగా. “నేను పోకపోతే మా పని బాగున్నదని రాసేటోళ్లా?”

ప్రత్యూష తలూపింది.

“మరి నేనేం చెయ్యాలె? సంబంధం కుదిర్చి నీలాను ఈ ఊర్లకు తెచ్చుకున్నది నేను. ఏడో నెల దాకా నా చేతిల ఉన్నది. అసలు పని ఉన్న రోజున తల్లిగారింట్ల ఉన్నది. గాడ ముసలోళ్లు ముర్రుపాలు పారవోయమంటరు, చక్కెర నీళ్లు పట్టమంటరు. ఐదో నెలల బిడ్డనెత్తుకొని వచ్చినంక నేను కోటేసుకొని పోయి ఏం చెప్పాలె? పోయిన. పోయినకాడ పక్కింటిది గూడ అడిగింది. నువ్వు నా పట్టీల లేవు, నీకు చెప్ప అనాలెనా? నేను పుట్టిన గల్లి గది.”

“అనాలని కాదు అత్తమ్మా. మాకు చెప్తే...”

“మీరు అడిగిండ్రా? అడిగినవా నన్నొక్కనాడు, ఏడ పోయొస్తున్నవ్ అత్తమ్మా అని?”

నిజమే. మీ పని గురించి నేను అడగొద్దు, మీరు చెప్పొద్దు అని కట్టడి పెట్టింది తానే. ఉద్యోగంలో చేరిన రోజు, ఈ వాకిట్లోనే.

“ఇప్పుడు చెప్పాలె,” అంది ప్రత్యూష. “నేను చెప్తే నమ్మరు. మీరు చెప్తే నమ్ముతరు. గని...”

“నా పని పోతది.”

“పోతది కావచ్చు.”

“పోనీ,” అంది ఎల్లమ్మ. ఎంత తొందరగా అందంటే వెంకటయ్య ఉలిక్కిపడ్డాడు. “పని దండగ అన్న మాట పడేకంటె నన్ను తీసేసిండ్రన్న మాట నయం. ఫోన్ చెయ్యి మీ మేడానికి.”

“ఇంకొకటి. మీరొక్కరే గదా పోయింది?”

ఎల్లమ్మ దారం ముడివేసింది. కొరికి తెంపింది.

“అత్తమ్మా?”

“ఎవరు పోలేదు?” అంది చివరికి. “తల్లిగారింటికి పోయిన పిల్లను ఏ కార్యకర్త విడిచిపెడ్తది? తలా ఒక దిక్కు పోయినం. మంజులను తీసేసిండ్రు సూడు, గా దినం ఆమె ఏడికి పోయిందనుకున్నవ్? నా పట్టీల పిల్ల దగ్గరికి నేను పోవాల్సి ఉండె. నాకు నడుం పట్టుకుంటే నువ్వు పోయిరావే అని నేనే పంపిన. సురేందర్ వచ్చి అడిగితే అందరం తెల్వదన్నం. నేను గూడ తెల్వదన్న.”

వెంకటయ్య అన్నాడు, “ఎల్లమ్మా!” అంతే.

ఫోన్ మోగింది. సాయంత్రంలోగా అన్న జ్యోత్స్నే. ప్రత్యూష అందుకునేలోపే ఎల్లమ్మ చెయ్యి చాపింది.

“ఇటియ్యి. బయటికి ఇనబడేటట్టు పెట్టు.”

“అత్తమ్మా, ముందు మనం...”

“ఇయ్యమంటున్న.”

స్పీకర్ పెట్టి ఇచ్చింది. ఎల్లమ్మ ఫోన్‌ను నోటికి దగ్గరగా పట్టుకుని, దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడింది.

“నమస్తే మేడం. నేను ప్రత్యూష అత్తను, ఎల్లమ్మను. మోతె దిక్కు కార్యకర్తను. మీరు మా తల్లిగారి ఊర్ల ఎవరన్న వచ్చిండ్రా అని అడిగిపిచ్చిండ్రంట. ఎవ్వరు రాలేదని చెప్పిండ్రంట. వాళ్లు అబద్ధం చెప్పలే మేడం. గని నేను పోయిన. ఈడ చెప్పినయన్నీ గాడ గూడ చెప్పిన.”

 అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

“ఎప్పుడు వెళ్లారమ్మా?”

“మా నీలా కాన్పుకు. అటెనక గూడ పోయిన.”

“ప్రత్యూష చెప్పమంటే చెబుతున్నారా?”

“నా చేత మాట చెప్పించెటంత బలం గీ ఇంట్ల ఎవ్వలకు లేదమ్మా. మా ఆయన్ని అడుగుండ్రి.”

వెంకటయ్య ఫోన్ వైపు తలాడించాడు, ఆమెకు కనిపిస్తుందన్నట్టు.

జ్యోత్స్న కంఠంలో కోపం లేదు. అలసట ఉంది. “చూడండమ్మా, మీరు చెప్పడం మంచిదే అయింది. ఆ ఊరు లెక్కలోంచి తీసేస్తాను. కానీ ఒక్క ఊరు తీసినంత మాత్రాన రిపోర్టు మారదు. మిగతా ఊళ్లు ఉన్నాయి కదా, అక్కడా తేడా లేదు. అదే మాట నిలబడుతుంది. మీ మీద మాత్రం సురేందర్ గారు చర్య తీసుకుంటారు. అర్థమైందా?”

ఎల్లమ్మకు అర్థమైంది. ఆమె ముఖంలో రంగు దిగిపోవడం ప్రత్యూషకు కనిపించింది. తన పని తాను పోగొట్టుకుంది. ఏదీ నిలబడలేదు.

“ఇప్పుడు ఒకటి అడుగుతాను, జాగ్రత్తగా చెప్పండి,” అంది జ్యోత్స్న. “మీరొక్కరేనా? మీలాగే ఇంకా ఎవరైనా వెళ్లారా? చాలామంది వెళ్లారంటే అది వేరే సంగతి. అప్పుడు పోల్చడానికి నాకు ఊరే మిగలదు. రేపు రిపోర్టు పెట్టలేను, మొత్తం ఆపాలి.”

 గోనె కింద సంచి. ఎల్లమ్మ ఒడిలో బొమ్మ. రోజూ ఆమెతో పాటు కోటు వేసుకుని మీటింగుకు పోయే ఆడవాళ్లు. అన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు నిలబడ్డాయి.

“నేనొక్కదాన్నే,” అంది ఎల్లమ్మ.

“నిజంగా?”

“నేనొక్కదాన్నే మేడం. వేరేటోళ్లు ఎవ్వరు పోలే.”

“సరే.” ఆగి, “ప్రత్యూషా, పక్కనే ఉన్నావా?”

“ఉన్నాను మేడం.”

“మీ అత్తగారు ఒక్కరే అంటున్నారు. నువ్వు ఆ ఊరికి వెళ్లొచ్చావు, ఇంట్లోనూ ఉన్నావు. నీకు తెలిసినంతలో చెప్పు. ఒక్కరేనా?”

ఎల్లమ్మ ఫోన్ మీద అరచెయ్యి మూసింది. కోడలి మోకాలి మీద రెండో చెయ్యి వేసింది.

“బిడ్డా,” అంది.

రెండు రోజులుగా ఆ పిలుపు కోసమే ప్రత్యూష ఈ ఇంట్లో మసులుతోంది. అన్నం దగ్గర, బావి దగ్గర, పడుకునేటప్పుడు. ఇప్పుడు వినిపించింది. ఎందుకు వినిపించిందో కూడా తెలిసింది.

ఆ అరచెయ్యిని మెల్లగా తప్పించి ఫోన్ తీసుకుంది.

“కాదు మేడం. ఒక్కరే కాదు.”

ఎల్లమ్మ చెయ్యి మోకాలి మీద నుంచి జారిపోయింది. తర్వాత లేచి కొంగు సవరించుకుంది. కుట్టిన బొమ్మను ప్రత్యూష పక్కన పెట్టింది.

“ఏడికే?” అన్నాడు వెంకటయ్య.

“మంజుల ఇంటికి. ఆమెకు నేను చెప్తే నేను చెప్పినట్టుంటది. రేపు సురేందర్ నోట ఇంటే నా కోడలు చెప్పినట్టుంటది.”

చెప్పులేసుకుని, సంచి దాటి, కోడలి వైపు చూడకుండా గల్లీలోకి నడిచింది. ఆమె మూల తిరిగే దాకా ప్రత్యూష చూస్తూనే ఉంది.

ఫోన్‌లో కుర్చీ జరిగిన చప్పుడు, కలం మూత తీసిన చప్పుడు.

“పేర్లు చెప్పమ్మా,” అంది జ్యోత్స్న. “ఎవరెవరు, ఏ ఊళ్లకు. రాసుకుంటున్నాను.”